ముచ్చటగా మూడో బిడ్డ సరే, మరి పెంచేదెవరు?

ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు గారికి,



ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. మంచిదే, అది ఎప్పుడో పోవాల్సింది. మరుసటి మార్చిలో, ఎన్నో కాన్పయినా మహిళా ఉద్యోగులకు ప్రసూతి సెలవు అన్నారు. ఆ వెంటనే విజయనగరం ఎంపీ గారు మూడో బిడ్డ ఆడపిల్లయితే 50 వేల రూపాయలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని ప్రకటించారు. ఆవు మాటకు నవ్వుకున్నవాళ్లున్నారు. కనాల్సినవాళ్లకు నవ్వెలా వస్తుంది?

రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి కు.ని. ఆపరేషన్ ఇప్పటికే అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ఇది. దేశంలో మరే పెద్ద రాష్ట్రంలోనూ ఇంత లేదు. మగవాళ్ల వంతు నూటికి ఒకటి కూడా కాదు. ఇద్దరు చాలని గోడల మీద రాయించి, శిబిరాలు పెట్టి, ఆడవాళ్లను ఆపరేషన్ బల్ల ఎక్కించిన రోజుల్లోనూ ముఖ్యమంత్రి మీరే కదా? పాతికేళ్లకే ఆపరేషన్ అయిపోయిన తల్లిని ఇప్పుడు మూడో బిడ్డ ఏదమ్మా అని అడిగితే ఏం చెప్పాలి?

రాష్ట్రం ముసలిదవుతోందన్న మీ దిగులు ఉత్తిది కాదు. తల్లికి సగటున 1.7 మంది పిల్లలే. 2036 నాటికి దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు అరవై దాటినవారే ఉంటారని అంచనా. వృద్ధాప్య పింఛను 4,000 రూపాయల్లో ఎనభై ఏళ్లలోపు వారికి కేంద్రం వాటా ఇప్పటికీ 200. ఢిల్లీలో ఇంత పలుకుబడి ఉండి ఆ రెండు వందల సంగతి గట్టిగా ఎందుకడగరు? నియోజకవర్గాల పునర్విభజనలో దక్షిణాది లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయముంటే అదీ ఢిల్లీలోనే తేల్చుకోవాలి గానీ, ఆడవాళ్ల కడుపుల మీద రుద్దితే ఎలా?

అనుమతులతో, డబ్బుతో కాన్పులు పెరుగుతాయా? చైనా 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతిచ్చింది. 2022 నుంచి అక్కడ జనాభా తగ్గుముఖమే. దక్షిణ కొరియా ఏళ్ల తరబడి డబ్బు కుమ్మరించింది. అయినా 2023లో తల్లికి పిల్లల సగటు 0.72కి పడిపోయింది.

పైగా ఇవాళ పుట్టే బిడ్డ పనికి అందొచ్చేసరికి మీ స్వర్ణాంధ్ర గడువు 2047 వచ్చేస్తుంది. అప్పటిదాకా ఆ బిడ్డనూ, మంచాన పడ్డ అత్తమామలనూ చూసుకోవాల్సింది ఒకే మనిషి, ఆ తల్లి. ఆమె ఇంక ఉద్యోగానికి ఎప్పుడు వెళ్తుంది?

పల్నాడు మిరప చేలకు రండి. ఒకటో తారీఖు పొద్దున్నే సచివాలయం ఉద్యోగి ఓ ముసలామె గడప దగ్గరికొచ్చి పింఛను ఇస్తాడు. కాయ కోసి కోసి అరిగిపోయిన వేలికి ముద్ర ఒక పట్టాన పడదు. పడ్డాక నోట్లు కొంగున ముడేసుకుని ఆ ముసలామె మళ్లీ కోతకే బయల్దేరుతుంది. ఆమెకు రిటైర్మెంటు లేదు. సర్కారు ఉద్యోగికి ఆ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. పనిచేసేవాళ్లు అంత కరువయ్యారా? మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీ పడ్డారే! ఇక్కడ పని దొరక్క హైదరాబాదుకో, బెంగళూరుకో, డల్లాస్‌కో పోయినవాళ్ల సంగతేమిటి? మూడో బిడ్డ మాత్రం ఇక్కడే ఉంటాడని హామీ ఏమిటి?

ప్రసూతి సెలవు మాటకొస్తే, సర్కారు కొలువున్న ఆడవాళ్లు ఎందరని? కేంద్ర చట్టం ప్రకారం ప్రైవేటు ఉద్యోగినికి మొదటి రెండు కాన్పులకు 26 వారాలు, మూడో కాన్పుకు 12 వారాలే. కేంద్రం ఇచ్చే మాతృ వందన సొమ్ము మొదటి బిడ్డకు, ఆపై రెండో బిడ్డ ఆడపిల్లయితేనే. కూలి తల్లికి సెలవన్నదే లేదు. మీ తల్లికి వందనం డబ్బు ఎంతమంది బడికెళ్తే అంతమందికీ ఇస్తున్నారు, కాదనేవారు లేరు. బడిలో చేరేదాకానో? మూడేళ్లు నిండని పసివాణ్ని పొద్దస్తమానం చూసుకునే అంగన్‌వాడీలు ఎన్ని ఊళ్లలో ఉన్నాయి?

ఇదంతా మీకు తెలియనిదని కాదు. జనాభా మాట మళ్లీ ఎత్తే ముందు కొంచెం ఆలోచించండి. నలుగురు కూలి తల్లులను పిలిచి, ఇప్పుడున్న ఇద్దరినీ ఎవరి దగ్గర వదిలి పనికొస్తున్నారో అడగండి. చాలామంది అత్తగారి పేరే చెబుతారు. ఆ అత్తగారూ కోతకు పోతే ఏం చేస్తున్నారో, అదీ అడగండి.