తూకం చూసే ఇంజనీర్లు

మన కాలేజీలో థర్డ్ ఇయర్ వచ్చిందంటే చాలు, మాటలన్నీ ప్యాకేజీల చుట్టూనే. సర్వీస్ కంపెనీయా, ప్రోడక్ట్ కంపెనీయా, లేకపోతే అమెరికాలో ఎమ్మెస్సా? ఎమ్మెస్ అయ్యాక కూడా మళ్ళీ అదే కంపెనీల లిస్టు. ఆ లిస్టులో ఎప్పుడూ కనిపించని ఆఫీసు ఒకటుంది. న్యూయార్క్ నగర ప్రభుత్వంలోని వినియోగదారుల, కార్మికుల రక్షణ విభాగం.

1969లో వినియోగదారుల కోసం మొదలైంది ఇది. కొట్లో త్రాసు, బంకులో మీటరు సరిగ్గా ఉన్నాయా అని చూడటం దాని పాత పని, ఇప్పటికీ చేస్తుంది. తర్వాత కార్మికుల సెలవులూ, జీతాల హక్కులూ కూడా దాని నెత్తిన పడ్డాయి. "అయితే అవి లాయర్ల ఉద్యోగాలు గదా, మనకేంటి?" అంటారేమో. నేను ఒప్పుకోను.

ఫుడ్ డెలివరీ వాళ్ళ సంగతే చూడండి. యాప్ ఆన్ చేసుకుని, ఆర్డర్ కోసం రోడ్డు పక్కన ఎదురుచూసే టైముకి డబ్బులు ఇవ్వాలా వద్దా? ఈ విభాగం కంపెనీల నుంచి డేటా తెప్పించుకుని, ట్రిప్పు ఎంతసేపు, ఖాళీ ఎంతసేపు, బండి ఖర్చెంత అని లెక్క కట్టింది. కంపెనీలు కోర్టుకెళ్ళాయి. చివరికి 2023 డిసెంబరులో, ఎదురుచూసే టైము కూడా కలిపి, గంటకి 17.96 డాలర్ల కనీస రేటు అమల్లోకి వచ్చింది. 2025 ఏప్రిల్‌కి అది 21.44 అయింది, టిప్పులు కాకుండా. ఇలాంటి లెక్క లా పుస్తకాలతో తేలేది కాదు.

ఇంకోటి మనకి మరీ దగ్గరి విషయం. ఉద్యోగాలకి వచ్చిన అప్లికేషన్లని వడగట్టే సాఫ్ట్‌వేర్ ఆడా మగా, జాతి భేదం చూపిస్తోందేమో ఏటా బయటివాళ్ళతో ఆడిట్ చేయించి, ఫలితం వెబ్‌సైట్లో పెట్టాలి. 2023 జులై నుంచి ఈ చట్టాన్ని అమలు చేస్తున్నది ఈ విభాగమే. ఒక వర్గంలో ఎంపికైనవాళ్ళ శాతాన్ని, అందరికన్నా ఎక్కువ ఎంపికైన వర్గం శాతంతో భాగించాలి, అంతే. ఫస్ట్ ఇయర్ వాళ్ళు కూడా చేసేస్తారు. అయినా పరిశోధకులు 391 కంపెనీల సైట్లు వెతికితే ఆడిట్ దొరికింది 18 చోట్లే. తమ సాఫ్ట్‌వేర్ చట్టం కిందికి వస్తుందో రాదో ముందుగా తేల్చుకునేది కంపెనీలే మరి! "రాదు" అన్నప్పుడు, కోడ్ చూసి "వస్తుంది" అని చెప్పగల మనిషి సర్కారు వైపు కూర్చోకపోతే ఎలా?

జీతం పెద్ద టెక్ కంపెనీలంత ఉండదు. వీసా మీద వెళ్ళినవాళ్ళకి సర్కారు కొలువు అంత సులువూ కాదు.

కానీ ఇక్కడ? మన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు కావడానికి ఇంజనీరింగ్ డిగ్రీ పనికొస్తుందని క్లాసులో ఎంతమందికి తెలుసు? రాత్రి పదకొండింటికి హాస్టల్ గేటు దగ్గర బిర్యానీ పట్టుకుని నిలబడే అన్నకి గంటకి ఎంత పడుతుందో లెక్క కట్టేవాళ్ళు కూడా కావాలి గదా. ప్లేస్‌మెంట్ సెల్ వాళ్ళు ఏడాదికి ఒక్కసారైనా ఆ శాఖ నుంచో, కార్మిక శాఖ నుంచో ఒక ఆఫీసర్ని పిలిచి మాట్లాడిస్తే బాగుంటుంది. గేట్ కోచింగ్ మీద అన్ని సెమినార్లు పెడుతున్నాం, ఇదొక్కటి పెట్టలేమా?