చిల్లకంప గిట్టుబాటు లెక్క

"గ్యాసు వచ్చింది కదమ్మా, ఇంకా ఈ కంప కొట్టుకోవడం ఎందుకు? గిట్టుబాటవుతుందా?"

పోయిన ఏడాది నాతో పాటు మా ఊరికి వచ్చిన స్నేహితురాలు మా పిన్నిని అడిగిన మాట ఇది. ఆమె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్తుంది. స్త్రీల శ్రమ గురించి మంచి వ్యాసాలు రాసింది. ఆ ప్రశ్నలో వెటకారమేమీ లేదు. పిన్ని గొడ్డలి ఆపి, "గిట్టకేమమ్మా, నేనేమన్నా డబ్బులు పెట్టి కొంటన్నానా?" అంది. స్నేహితురాలు నవ్వింది, నేనూ నవ్వాను. బస్సెక్కాక గానీ ఆ నవ్వు నాకు గుచ్చుకోలేదు.

ఎందుకంటే ఆ జవాబు తప్పు. ఆ తప్పు పిన్నిది కాదు. ఆమెకు ఆ లెక్క నేర్పింది మనమే.

ముందు ఆ చెట్టు సంగతి. మా ప్రకాశం జిల్లా మెట్టలో చిల్లచెట్టు అంటాం. మిగతా చోట్ల సర్కారు తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ, కంపచెట్టు. వృక్షశాస్త్రంలో ప్రొసోపిస్ జూలిఫ్లోరా. అది ఈ నేల చెట్టు కాదు, అమెరికా ఖండాలది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ కోరిక మీద జమైకా నుంచి విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఎండిన నేలలో వంటచెరుకు కోసం. అంటే మన ఆడవాళ్ల నెత్తిమీద మోపు ఒక ప్రభుత్వ పథకంగానే మొదలైంది. 'సర్కారు' అని పేరు పెట్టిన జనానికి ఆ సంగతి తెలుసు. ఈ రోజు అదే చెట్టును మొండి కలుపనీ, పచ్చిక బీళ్లను మింగిందనీ, పీకి పారెయ్యాలనీ అంటున్నారు. పచ్చిక బీళ్ల మాట నిజమే, గొర్రెలు కాసేవాళ్లనడిగితే చెప్తారు. పీకేశాక పొయ్యిలోకి ఏం పెట్టాలో మాత్రం ఆ చర్చల్లో ఎవరూ మాట్లాడరు.

కట్టెగా అది మంచిది. ఈ విషయంలో నాకు సందేహం లేదు. బరువైన కట్టె, నిదానంగా మండుతుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. కొంచెం పచ్చిగా ఉన్నా వేపకట్టెలాగా మొరాయించదు. నరికితే మొదలు నుంచి నాలుగు పిలకలు వేస్తుంది. కిలో ఎండు కట్టెకు దాదాపు 4,800 కిలోకేలరీల వేడి. బొగ్గుల బట్టీలవాళ్లు దాని వెంట పడేది ఊరికే కాదు.

కానీ ఆ కట్టె పొయ్యి దాకా వచ్చే దారి చూడండి. పిన్ని పొద్దున ఆరుకి బయల్దేరుతుంది. చేతిలో మచ్చుకత్తి, ఒక పంగలకర్ర. ముందు పంగలకర్రతో కంపను ఎత్తిపట్టి, లోపలికి చెయ్యి దూర్చి మొదట్లో నరకాలి. ముల్లు చెప్పును దాటి కాలిలో దిగుతుంది. విరిగి లోపల ఉండిపోతే వారం రోజులు చీము పట్టి సలుపుతుంది. రెమ్మలు దులిపి, కొమ్మలు కొట్టి, తాడేసి మోపు కట్టి, చుట్టకుదురు పెట్టుకుని ఇంకొకరి సాయంతో నెత్తికెత్తుకోవాలి. ఆ ఇంకొకరు లేని రోజు మోపును గట్టుకు నిలబెట్టి కింద దూరి లేవాలి. అరవై రెండేళ్ల మనిషి. ఇల్లు చేరాక లావు మొద్దులు చీల్చాలి. చిల్లమొద్దు సాపుగా ఉండదు, వంకర్లు, ముళ్లకణుపులు. గొడ్డలి అందులో ఇరుక్కుపోతుంది, ఊడబీకడం మరో పని. చీల్చిన పేళ్లను ఎండబెట్టి, వానకు తడవకుండా వసారాలో పేర్చాలి. ఇవన్నీ చేస్తూ ఆమె 'ఖాళీగా' ఉన్నట్టు.

ఇక గిట్టుబాటు లెక్క. నా లెక్క మోటుదే, తప్పులుంటే ఆర్థికశాస్త్రం తెలిసిన మిత్రులు సరిచెయ్యండి. 14.2 కిలోల సిలిండర్లో గిన్నెకు తగిలే వేడి ఎంతో, మామూలు మూడురాళ్ల పొయ్యి మీద అంత వేడి రావాలంటే చిల్లకట్టె దాదాపు 150 కిలోలు కావాలి. మూడురాళ్ల పొయ్యిలో వేడి ఎక్కువ భాగం గాలిలోకే పోతుంది మరి. మోపు 20, 25 కిలోలు. అంటే ఆరేడు మోపులు. నరకడం, మొయ్యడం, చీల్చడం కలిపి మోపుకు పూటన్నా పడుతుంది. మూడు, మూడున్నర రోజుల పని. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఆ రేటు వేస్తే వెయ్యి రూపాయలకు అటూ ఇటూ. ఆ ఏడాది సబ్సిడీ లేని సిలిండర్ ధర 850 దాటింది. అంటే ఎవరూ డబ్బు పెట్టని, ఊరికే దొరికే ఆ కట్టె సిలిండర్ కన్నా ఖరీదైనది! ఇందులో ముల్లు గుచ్చుకున్న కాలి వైద్యం ఖర్చు కలపలేదు. పొగ ఖర్చు కలపలేదు.

మరి పిన్ని కళ్లకు అది ఊరికే వచ్చినట్టు ఎందుకు కనిపిస్తోంది? ఆమె పూటకు ధర సున్నా కాబట్టి. ఆ సున్నా వేసింది ఆమె కాదు. మన జాతీయ నమూనా సర్వేలు దశాబ్దాలుగా ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92 అని కోడ్ వేశాయి. ఇంటిపనితో పాటు కట్టెలు, మేత, ఆకుకూరలు ఏరుకొచ్చేవాళ్లకు, ఇంటికోసం కుట్టే, నేసేవాళ్లకు 93. ఈ రెండు కోడ్‌ల వాళ్లూ శ్రామికులు కారు, లెక్కకు బయటివాళ్లే. కట్టెలు సేకరించడం ఉత్పత్తి కిందికే వస్తుందని ఐక్యరాజ్యసమితి 1993 జాతీయ ఖాతాల పద్ధతి ఒప్పుకున్నాక కూడా 93 కోడ్ బయటే ఉంది. అదే మోపును పిన్ని హోటలుకు అమ్మితే అది ఆర్థిక కార్యకలాపం. తన పొయ్యిలో పెడితే కాదు. దేవకీ జైన్ లాంటివాళ్లు 1970ల నుంచీ ఈ గుడ్డితనం గురించి చెప్తూనే ఉన్నారు. 2019 సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిచాకిరీకి ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. నిమిషాలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు, సంతోషం. రూపాయల్లోకి ఎప్పుడు మారుస్తారో!

ఇక్కడ మన మీదికే వస్తాను. కట్టెల పొయ్యి మీద మనం రాసిన కవితలు ఎన్ని! పొగచూరిన దూలం, అమ్మ చెమట, నిప్పుల మీద కాలిన వంకాయ వాసన. నేనూ రాశాను. ఇరవై ఏళ్ల కిందట అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా. మా అమ్మ ఆ పొయ్యి ముందు నలభై ఏళ్లు ఊదుగొట్టంతో ఊదింది. చుట్ట ముట్టిన మనిషి కాదు. చివరి నాలుగేళ్లు రాత్రిపూట దిండు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. డాక్టరు "పొగ తాగుతుందా?" అని నన్నడిగాడు, అమ్మను కాదు. లేదన్నాను. "మరి వంట దేనిమీద?" అన్నాడు. ఆ ప్రశ్న విన్నాక నా కవితను మళ్లీ చదవలేకపోయాను. వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇప్పుడు హైదరాబాదు చుట్టూ హైవేల మీద 'కట్టెల పొయ్యి వంట' అని బోర్డులు పెట్టి భోజనం అమ్ముతున్నారు. పొగ రుచికి ధర ఉంది, పొగ మింగిన ఊపిరితిత్తికి లేదు. మన కవిత్వం ఆ బోర్డుకన్నా మెరుగైన పని చేసిందా?

రెండో పక్క మరీ అన్యాయం. 1975లో ఎక్‌హోమ్ వంటచెరుకును 'రెండో ఇంధన సంక్షోభం' అన్నప్పటి నుంచి, అడవి పోవడానికి కారణం మోపెత్తుకున్న ఆడదని ఒక బొమ్మ తయారైంది. అంతకు ఏడాది ముందు రేణి గ్రామంలో చెట్టును కౌగిలించుకున్న చిప్కో స్త్రీ ఇంకో బొమ్మ. హంతకురాలు, లేదా దేవత. గొడ్డలి ఇరుక్కుపోయి విసుక్కునే మా పిన్ని ఈ రెంటిలోనూ లేదు. బీనా అగర్వాల్ 1986లో తన పుస్తకంలో వంటచెరుకు కొరతను నేల మీద, అడవి మీద ఎవరికి హక్కుందన్న ప్రశ్నతో ముడిపెట్టి చూపింది. మా జిల్లాలో పొగాకు బ్యారన్లు చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆకు కాల్చే కాలంలో ట్రాక్టర్ల కొద్దీ కట్టె బ్యారన్ ముందు దిగుతుంది. దాన్ని చూసి ఎవరూ 'అడవి పోతోంది' అనరు, 'పంట' అంటారు.

కాబట్టి గ్యాసు కావాలి. ఇందులో నాకు ఏ ఊగిసలాటా లేదు. 'సంప్రదాయ ఇంధనం' అని మనం బాధపడాల్సిన పని లేదు. కానీ గ్యాసు ఇచ్చామని చెప్పుకునేవాళ్లను ఒకటి అడగాలి. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది. కనెక్షన్ ఇచ్చారు, పొయ్యి మీద ఆడవాళ్ల పేరు రాశారు. మళ్లీ నింపుకునే డబ్బు ఎవరి జేబులో ఉంది? మా పిన్ని ఇంట్లో బాబాయి జేబులో ఉంది. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు మొదలైనప్పుడూ ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు డబ్బు కోసం బాబాయిని అడగడం కన్నా చెరువులోకి పోవడం ఆమెకు తేలిక. అడిగితే మాట పడాలి. కంప దగ్గర ముల్లే పడుతుంది. మూడు సిలిండర్లు తీసుకున్నా మిగతా నెలలు, స్నానాల నీళ్లు, గేదె కుడితి కట్టె మీదే.

ఇంతకన్నా పెద్ద గొడవ ఈ ఏడాది వచ్చింది. మా ఊరి చెరువులోని చిల్లను వేలం వేశారు. బొగ్గు కాల్చే కాంట్రాక్టరు పాడుకున్నాడు. కంప నరికి బొగ్గు కాల్చడానికి యానాది కుటుంబాలు వచ్చి చెరువులోనే గుడిసెలేసుకున్నాయి. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. ఆ ఆడవాళ్ల పని జమాఖర్చులో ఎక్కడుందో వెతికితే, అక్కడా మొగుడి పేరు కిందే ఉంది. ఊరి ఆడవాళ్లకు చెరువు మూసుకుపోయింది. నిన్నటిదాకా కలుపు అన్న చెట్టు వేలంపాటలో ఆస్తి అయింది. నిన్నటిదాకా ఏరుకోవడం అన్నది దొంగతనం అయింది.

మహిళా సంఘంలో ఇది ఎత్తమన్నాను. వేలానికి ముందు ఇంటింటి వాడకానికి ఇంత భాగం వదలాలని, ఆ షరతు కాగితం మీద రాయాలని ఒక అర్జీ రాసి పంపాను. పద్దెనిమిది వేలిముద్రలు, సంతకాలు పడ్డాయి. గ్యాసు ఉన్నవాళ్లు కట్టెలు ఎందుకడుగుతున్నారని తీసుకున్నాయన అన్నాడట.

మొన్న పిన్ని ఫోన్ చేసింది. చెరువు కట్ట మీద కాపలా మనిషి మోపు దించించాడట, తాడు కూడా లాక్కున్నాడట. "మోపు పోతే పోయిందే, తాడు మంచిది," అంది. "వచ్చేప్పుడు ఒంగోల్లో ఒక తాడు కొనుక్కురా. లావుది."