ఓర్చుకో, లేకుంటే తీయించుకో

"ఈ ముట్టునొప్పులూ అవీ సాహిత్య పత్రికకెందుకు? అది డాక్టర్ల పని" అని ఒక మిత్రుడు నన్ను ఆక్షేపించారు. వారి కథల్లో ప్రతి ఆడదానికీ భూదేవంత ఓర్పు వుంటుంది. ఆమె దేన్ని ఓర్చుకుంటున్నదో మాత్రం వారెన్నడూ రాయలేదు. అందుకనే ఇది మన పని కూడా అంటున్నాను.

మా పిన్ని మిరపచేలల్లో కూలి చేసేది. ముట్టుకీ ముట్టుకీ నడుమ పొత్తికడుపులో నొప్పి. పదేళ్లపాటు "ఆడపుటక పుట్టాక తప్పుతుందా" అన్నారు. పదకొండో ఏట ఒక ప్రైవేటు ఆసుపత్రిలో "సంచి పాడయింది, వుంచితే క్యాన్సరు" అన్నారు. అప్పుచేసి తీయించారు. అప్పటికామెకు ముప్ఫైరెండేళ్లు. అప్పూ మిగిలింది, నొప్పీ మిగిలింది.

నొప్పి ఎప్పుడు వస్తున్నదని ఈ రెండు జవాబుల్లో ఏదీ అడగలేదు. రాబోయే ముట్టుకు సుమారు రెండు వారాల ముందు, ఒక పక్కన, కొన్ని గంటలో ఒకటి రెండు రోజులో వుండి పోతే, అది అండం విడుదలయ్యేటప్పటి నొప్పి కావచ్చు. జర్మన్లు దానికి "నడిమి నొప్పి" అనే పేరే పెట్టుకున్నారు. దానికి కత్తి అక్కరలేదు. గర్భాశయపు లోపొరను పోలిన పొర బయట, అండాశయాలమీదా కటి లోపలి గోడలమీదా పెరిగితే ఎండోమెట్రియోసిస్. పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో సుమారు నూటికి పదిమందికి ఇది వున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. జబ్బు సంచి బయట వున్నప్పుడు సంచి ఒక్కటీ తీసేస్తే నొప్పి పోతుందన్న హామీ ఎక్కడిది? జ్వరమూ, దుర్వాసనతో తెల్లబట్టా వుంటే లోపల అంటు సోకి వుండవచ్చు. అది తరచు మొగుడి నుంచే వస్తుంది గనక మందు ఆయన కూడా మింగాలి. (ఇక్కడికి వచ్చేసరికి మన మహాశయులకు సాహిత్య మర్యాద జ్ఞాపకమొస్తుంది!) మన దేశంలో క్షయ గర్భనాళాలను కూడా పట్టుకుంటుంది. అండాశయంలో తిత్తులుండవచ్చు. మూత్రకోశమో పేగులో కారణమై, గర్భాశయానికి సంబంధమే లేకపోవచ్చు. హఠాత్తుగా భరించలేని నొప్పి, వాంతులు, సొమ్మసిల్లడం వస్తే మాత్రం ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి: తిత్తి మెలిపడి వుండవచ్చు, గర్భం నాళంలో నిలిచి అది పగిలి వుండవచ్చు.

అన్ని ఆపరేషన్లూ మోసమని నేననను. కాని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురికి పైచిలుకు; ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణాలోనూ ఎనిమిదిమందికి పైగా. మన ఆడవాళ్ల గర్భాశయాలే ఇంతగా పాడయ్యాయా? అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు జరపమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

ఆ నొప్పి నెలలో ఎప్పుడు వచ్చేదని మొన్న పిన్నిని అడిగాను. వేళ్లు మడిచి లెక్కపెట్టి, ముట్టుకు ఎన్ని రోజుల ముందో, ఏ పక్కనో, ఎన్ని పూటలుండేదో సమస్తం చెప్పింది. "మరి డాక్టరుగారితో చెప్పలేదా?" అన్నాను.

"అడిగితేగా అమ్మా చెప్పేది!" అన్నది.