ముందు ఆగే బలం, తర్వాతే లాగే బలం

చోడవరం, మాడుగుల, రావికమతం, బుచ్చెయ్యపేట మండలాల కారు యజమానులకు, మెకానిక్ సోదరులకు విజ్ఞప్తి



స్విఫ్ట్, పోలో, ఐ20 లాంటి చురుకైన చిన్న కార్లు మన వీధుల్లో పెరిగాయి. వాటి ఇంజిన్లను ఇంకాస్త ఉరికించాలన్న సరదా కూడా పెరిగింది. చేతిలో నాలుగు డబ్బులు పడగానే ఈసీయూ రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్లో అంకెలు మార్చడం), ఫ్రీ ఫ్లో సైలెన్సరు, పెద్ద అల్లాయ్ వీల్స్ గుర్తొస్తున్నాయి. సరదాను మేం తప్పుపట్టడం లేదు. ఖర్చు పెట్టే వరస తలకిందులైందని మాత్రమే అంటున్నాం.

రీమ్యాప్‌తో వచ్చేదెంత, పోయేదెంత?

టర్బో లేని 1.2 లీటరు ఇంజిన్‌కు రీమ్యాప్ చేయిస్తే దక్కేది స్వల్పం. ఇంజిన్ పీల్చే గాలి పెరగనిదే బలం పెద్దగా పెరగదు. కంప్యూటర్లో అంకెలు మార్చినంత మాత్రాన గాలి ఎక్కువ రాదు. టర్బో ఇంజిన్ సంగతి వేరు. బూస్ట్ పెంచితే టార్క్ నిజంగానే పెరుగుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ టార్క్‌ను మోయాల్సింది క్లచ్, గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు. వాటిని కంపెనీ అసలు టార్క్‌కు లెక్కగట్టి బిగించింది. క్లచ్ జారితే ఆర్‌పీఎం ముల్లు లేస్తుంది గానీ బండి ముందుకు పోదు. పాత పోలో జీటీ టీఎస్ఐ లాంటి డ్రై క్లచ్ ఆటోమేటిక్‌లో క్లచ్‌ను చల్లార్చే ఆయిల్ ఉండదు. పాడేరు ఘాట్‌లో లారీ వెనక పాకుతూ ఎక్కితే మార్పులేమీ చేయని బండికే అది వేడెక్కుతుంది. టార్క్ పెంచిన బండి సంగతి మీరే ఊహించుకోండి. ఇక విదేశాల్లో 98 ఆక్టేన్ పెట్రోలుకు రాసిన రీమ్యాప్ ఫైలును మన బంకు పెట్రోలుతో నడిపితే ఇంజిన్ నాకింగ్ మొదలై పిస్టన్లకే ముప్పు.

బలమే కావాలంటే కొనేటప్పుడే టర్బో కారు ఎంచుకోండి. సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే. ఐ20 ఎన్ లైన్, 2024లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్ రెండూ 120 పీఎస్ ఇస్తాయి. ఆ బలానికి తగ్గ క్లచ్, కూలింగ్, బ్రేకులు వాటితోనే వస్తాయి.

బండి ఆగకపోతే?

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారును ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి, 80కి చేరేసరికి సుమారు 1.8 రెట్లవుతుంది. 80లో కారు సెకనుకు 22 మీటర్లు దూసుకుపోతుంది. గోవాడ దారిలో వెనక లైటు లేని చెరకు ట్రాక్టరు చీకట్లో ఎదురైతే ఆ ఒక్క సెకనే మన చేతిలో ఉండేది. భీమిలి–నర్సీపట్నం రోడ్డు గుంతల సంగతి చెప్పక్కర్లేదు. పెద్ద రిమ్ముకు పలచటి టైరు వేస్తే గుంత దెబ్బ నేరుగా రిమ్ము మీదే పడుతుంది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటే ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, చట్టవిరుద్ధంగా మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిము తిప్పికొట్టడానికి దారి దొరికినట్టే.

ఖర్చు ఈ వరసలో పెట్టండి

1. టైర్లు: పక్క గోడ మీద తయారీ కోడులోని చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అరుగుదల తక్కువున్నా గట్టిపడ్డ పాత టైరు తడి రోడ్డును పట్టదు.
2. బ్రేకులు: మంచి ప్యాడ్లు, రెండేళ్లకోసారి కొత్త బ్రేక్ ఆయిల్. పాత ఆయిల్ తేమ పీల్చి, ఘాట్ దిగేటప్పుడు మరిగి, పెడల్ మెత్తబడుతుంది.
3. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, వీల్ అలైన్‌మెంట్.
4. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఇంజిన్ ఆయిల్, క్లచ్. పోయిందనుకున్న పికప్‌లో చాలా భాగం ఇక్కడే తిరిగొస్తుంది.

మేం కోరేది

మెకానిక్ సోదరులారా! సైలెన్సర్లు కోయకండి. బలం పెంచమని వచ్చిన బండికి ముందు బ్రేకులు, టైర్లు చూడండి. వేసిన ప్రతి సామానూ బిల్లులో రాసివ్వండి.

రవాణా శాఖ అధికారులారా! ఏ మార్పుకు అనుమతి ఉంది, దేనికి లేదు అన్నది తెలుగులో బోర్డు రాయించి ప్రతి గ్యారేజీకి ఇవ్వండి. ఏటా చెరకు నరుకుడు మొదలయ్యే ముందు చోడవరంలో ఒకరోజు బ్రేకులు, లైట్ల ఉచిత తనిఖీ పెట్టండి. కార్లతోపాటు చెరకు ట్రాక్టర్లకూ చేయండి, వెనక రిఫ్లెక్టర్లు అంటించండి.

వేగమే ప్రాణమనుకునే తమ్ముళ్ళారా! చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది. హెల్మెట్టు పెట్టుకుని, అనుమతితో అక్కడ పరిగెత్తండి. బడి వదిలే వేళ మన బజారు ట్రాక్ కాదు.

ఈ కాగితం చదివి గ్యారేజీ గోడకు అంటించండి. ఈసారి సర్వీసుకు వెళ్లినప్పుడు మొదటి మాటగా బ్రేకుల గురించి అడగండి.

ఇట్లు
చోడవరం ప్రాంత కారు యజమానులు కొందరు