తెలివి చాలని బిడ్డకూ హిస్సా ఉంది
తండ్రి పోయాక పంపకాల్లో ‘వాడికేం తెలుసు, వాడికి హిస్సా ఎందుకు?’ అనే మాట వస్తుంటుంది. షరియత్‌లో బుద్ధిమాంద్యం వల్ల వారసత్వం పోదు. మిగతా కొడుకులకెంతో అతనికీ అంతే.

చిక్కంతా సంతకం దగ్గరే. 18 ఏళ్లు దాటితే తల్లి కూడా అతని తరఫున స్థలం అమ్మలేదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే జిల్లా కమిటీ గార్డియన్‌ను పెడుతుంది. ఆ గార్డియన్ 6 నెలల్లో ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చూపాలి.

2017 మానసిక ఆరోగ్య చట్టంలో మాత్రం ఆస్తి చూసే గార్డియన్ ఊసే లేదు. అందుకే కోమాలో ఉన్నవాళ్ల కుటుంబాలు హైకోర్టు మెట్లెక్కాల్సి వస్తోంది.

‘ఇంటివాళ్లమే కదా, లెక్కలెందుకు?’ అనొద్దు. అది అతని సొమ్ము, మన చేతిలో అమానత్.