వెలుగు వచ్చే చోటు ఎవరికి?



ఈ నెల గోడల గురించి, కిటికీల గురించి వ్రాయాలని తలంచాము. పాస్టరుకు ఇంటి అలంకరణతో పని ఏమని కొందరు నవ్వుకొనవచ్చును. కాని ఏడాది పొడుగునా గృహ దర్శనములు చేసే మేము మన వారి ఇండ్లలో ఎక్కడ కూర్చోబెడతారో, ఎక్కడికి రానివ్వరో, ఏ గదిలో ఎవరు దగ్గుతున్నారో చూస్తూనే ఉంటాము. కనుక ఈ మాట మేము చెప్పవలసినదే అనిపించింది.

పలాసకు దగ్గరలో మా సంఘములోని ఒక కుటుంబమున్నది. భార్యాభర్తలిద్దరూ జీడిపప్పు పరిశ్రమలో పని చేస్తారు. ఇద్దరు పిల్లలు. మామగారికి మూత్రపిండముల వ్యాధి, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి. ఉద్దానములో ఈ కష్టము తెలియని ఊరు లేదు గదా! 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరము దాటిన తిత్లీ తుఫాను వీరి పెంకుటిల్లును పడగొట్టింది. ఇన్నాళ్లకు కూడబెట్టుకొని రెండు గదులు, ఒక వంటిల్లు, వెనుక చిన్న వసారాతో స్లాబు ఇల్లు కట్టుకొంటున్నారు. ప్రార్థన చేయుటకు వెళ్లినప్పుడు ఆ సహోదరి తన ఫోనులో కొన్ని బొమ్మలు చూపించింది. తెల్లని గోడలు, లేతరంగు చెక్క బల్లలు, తెర లేని పెద్ద కిటికీ, అందులో ఒక చిన్న మొక్క.

“ఇవి స్వీడన్ దేశపు ఇళ్లంట అయ్యగారూ. కొన్ని పెద్ద బంగళాలు, కొన్ని మనిల్లు కంటె చిన్నవే. అయినా ఎంత నిమ్మళంగా ఉన్నాయో చూడండి. మనిల్లు ఇలాగ అవ్వాలంటే ఏటేటి కొనాలి?”

సోఫాకు, పైకప్పు క్రింద అలంకారపు సీలింగుకు, టీవీ గోడకు ఎనభై వేలు అప్పు తీయాలని వారి ఆలోచన. “ఏటి కొనాలి” అన్న ఆ మాట మమ్మును విడువలేదు. వెంటనే జవాబు చెప్పక, ఆ ఇండ్లు అలా ఎందుకున్నవో కొంచెము చదివి తెలుసుకొన్నాము.

స్వీడన్, నార్వే, డెన్మార్కు దేశములను కలిపి స్కాండినేవియా అంటారు. అక్కడ కొరత వెలుగుకే. డిసెంబరు నెలలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోములో పగలు సుమారు ఆరు గంటలే. నార్వే ఉత్తర భాగములోని ట్రోమ్సో పట్టణములో నవంబరు చివరి నుండి జనవరి నడుమ వరకు సూర్యుడు ఉదయించనే ఉదయించడు. అందుచేత దొరికిన కాస్త వెలుగు గది మూలమూలకు చేరాలని గోడలకు తెలుపు వేస్తారు, కిటికీలకు మందపు తెరలు కట్టరు, ఎత్తైన సామానుతో కిటికీని మూయరు. క్రిస్మసుకు ముందు నాలుగు వారములు కిటికీలలో నక్షత్రములను, దీపములను నిలుపుతారు. ఇక చెక్క అంటారా, అది వారి అడవిలో పెరిగే పైను, బిర్చి చెట్లది. మనకు కొబ్బరి, పనస ఎలాగో వారికి అవి అలాగు. మనకు అందముగా కనబడినదంతా వారికి అవసరములో నుండి పుట్టినదే.

అయితే ఆ దేశములలోను ఒకప్పుడు మన వంటి అలవాటే ఉండేది. పేద కుటుంబములు కూడ ఉన్నవాటిలో మంచి గదిని అతిథుల కోసము తలుపు వేసి ఉంచి, ఇంటిల్లిపాదీ వంటగదిలోనే ఇరుకుగా పండుకొనేవారు. ఈ అలవాటును ఎదిరించిన వారిలో కార్ల్ లార్సన్ అనే చిత్రకారుడు, ఆయన భార్య కారిన్ ముఖ్యులు. 1853లో స్టాక్‌హోములో పుట్టిన లార్సన్ బాల్యము కటిక పేదరికములో గడిచింది. 1888లో కారిన్ తండ్రి వారికి సుండ్‌బోర్న్ గ్రామములో ఒక చిన్న చెక్క ఇల్లు ఇచ్చాడు. పిల్లలు పెరిగిన కొలదీ దానికి గదులు చేర్చుకొన్నారు. పాత సామానుకు రంగులు వేసుకొన్నారు. కారిన్ తానే మగ్గము మీద తెరలు, బల్లగుడ్డలు నేసింది. ప్రతి గదిలో పిల్లలు తిరుగాడేవారు, మూసి ఉంచిన గది లేదు. ఆ ఇంటి చిత్రములతో లార్సన్ 1899లో ‘ఒక ఇల్లు’ అనే పుస్తకము వెలువరించాడు. అదే సంవత్సరము ఎల్లెన్ కే అనే రచయిత్రి ‘అందరికీ అందము’ అనే పుస్తకములో, అందమైన ఇల్లు ధనవంతుల సొత్తు కాదని, పనికివచ్చే వస్తువు కూలివాని ఇంటిలోనైనా అందముగా ఉండవచ్చునని వాదించింది.

ఆ తరువాత 1944లో స్వీడన్‌లో గృహ పరిశోధన సంస్థ ఒకటి ఏర్పడినది. గృహిణి వంటింట్లో ఎన్ని అడుగులు నడుస్తున్నది, ఎన్నిసార్లు వంగుతున్నది, గట్టు ఎంత ఎత్తుంటే నడుము నొప్పి తగ్గుతుంది అని వారు కొలతలు తీసి చూచారు. ఆ కొలతల మీదనే తరువాతి వంటిండ్లు కట్టారు. ఇంటి ఇల్లాలి నడుమునొప్పి కూడ పరిశోధించదగిన విషయమేనని ఒక దేశము అనుకొన్నది!

ఇప్పుడు ఆ దేశపు సామాను మన దగ్గరకూ వచ్చింది. 1943లో పదునేడేండ్ల కుర్రవాడు మొదలుపెట్టిన ఐకియా అనే స్వీడన్ కంపెనీ, మన దేశములో తన మొదటి దుకాణమును 2018 ఆగస్టు 9న హైదరాబాదులో తెరిచింది. తెరిచిన నాడు జనము కిటకిటలాడినారు. సరిగా రెండు నెలల రెండు రోజులకు తిత్లీ వచ్చి, మన ఉద్దానములో కొబ్బరి, జీడి, పనస తోటలను నేలకూల్చింది. ఒకే సంవత్సరములో తెలుగువారిలో కొందరు ఇంటిలోనికి ఏమి కొనాలా అని, మరికొందరు కూలిన ఇంటిలో ఏమి మిగిలిందా అని చూచారు.

మన పాత ఇండ్లను తలంచుకొనండి. మట్టిగోడ, గాలికి లేవకుండ క్రిందికి దిగిన చూరు, ముందు అరుగు. గోడలో దీపానికి గూడు, పైన అటక, బట్టలకు దండెము, పాలకుండకు ఉట్టి. పగలు చాపలు చుట్టి మూల నిలబెడితే అదే గది పిల్లలకు బడి, చుట్టములకు సావిడి. రాత్రి చాప పరిస్తే పడకగది. చిన్న ఇంటిని ఎలా వాడుకోవాలో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే ఆ ఇండ్లే మంచివని మేము చెప్పము. పొగ, చీకటి, వానకు కారే కప్పు మాకు తెలుసు. తుఫాను వస్తే పిల్లలను పట్టుకొని బడికి పరుగెత్తిన రాత్రులూ తెలుసు. స్లాబు ఇల్లు రావలసినదే. కాని గట్టి కప్పు వచ్చిన చోట కొన్నిసార్లు వెలుగు పోయినది. ముందుగదిలో అద్దాల బీరువా, అందులో ఎన్నడూ టీ త్రాగని కప్పులు, ప్లాస్టిక్ కాగితము తీయని సోఫా, కిటికీకి అడ్డముగా ఇనుప బీరువా. వెనుక గాలి రాని మూలలో, సిమెంటు బస్తాల ప్రక్కన ముసలివారి మంచము.

ఆ సహోదరి ఇంటి పటములోను అదే ఉన్నది. తూర్పు కిటికీ ఉన్న ముందుగది సోఫాకు, టీవీకి. మామగారి మంచము వెనుక వసారాలో. ఆయన దానికి ఏమీ అనలేదు. “నాకేటి అయ్యగారూ, ఏ మూలైనా ఒకటే” అన్నారు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకొనకపోతే ఈ మాటలు వ్రాయుటకు మేము తగము. మా ఇంటిలోను ముందుగది సంఘపెద్దల కోసము, వచ్చేపోయే సేవకుల కోసము తీర్చి ఉంచేవారము. మా తల్లిగారి మంచము వంటింటి వెనుక ఉండేది. ఒక మధ్యాహ్నము మేము త్వరగా ఇంటికి వచ్చేసరికి ఆమె పెరటి గుమ్మము మెట్టు మీద, ఎండలో కూర్చొని, పెద్దక్షరముల బైబిలును వెలుగు వైపు వంచి చదువుకొంటున్నది. “ఇదేమమ్మా, ఎండలో?” అంటే, “లోపల అక్షరం కనబడదు నాన్నా” అన్నది. వెలుగును గురించి ఎన్ని ప్రసంగములు చేశామో! ఆ సాయంత్రమే మంచము ముందుగది కిటికీ క్రిందికి మార్చాము. ఆ తరువాత ఆమె మాతో ఉన్నది నాలుగు నెలలు. అంతకు ముందు ఆ చీకటిలో ఉన్నది ఆరు సంవత్సరములు.

ఈ సంగతి ఆ ఇంటిలో చెప్పాము. ముందు కాదన్నది మామగారే. “చుట్టాలొచ్చే గదిలో రోగిష్టోడి మంచమేటి? పిల్లల పరువు పోదా?” అన్నారు. ఆయన మాటలో ఉన్న బాధను మేము తేలికగా తీసివేయలేము. ఉద్దానములో ఈ వ్యాధి పేరు చెబితే సంబంధములు వెనుకకు పోతాయని భయపడి దాచుకొనే కుటుంబములు ఉన్నవి. కాని దాచుకొన్నంత మాత్రాన వ్యాధి పోదు, మనిషి మాత్రము చీకటిలో మిగులుతాడు. షూనేములోని ఘనురాలు ఎలీషాకు గది సిద్ధపరచినప్పుడు అందులో నాలుగే నాలుగు వస్తువులు పెట్టినది. మంచము, బల్ల, పీట, దీపస్తంభము. ఆమె లేనిది కాదు, ఇంకెన్నో పెట్టగలదు. కాని ఆ గదిలో ఉండబోయే మనిషికి ఏమి కావాలో అదే పెట్టినది. స్వీడన్ వారి ఇండ్లను చూచి మనము నేర్చుకొనదగినదీ ఇదేనని మాకు తోచినది. వస్తువును చూచి గదిని కాదు, మనిషిని చూచి గదిని తీర్చుకోవాలి.

ఇల్లు కట్టుకొంటున్నవారికి, ఉన్న ఇల్లు సర్దుకొనేవారికి కొన్ని సంగతులు:

1. వారికి ఎండ తక్కువ, మనకు ఎక్కువ. కనుక వారిని మక్కికి మక్కి అనుసరింపవద్దు. లోపలి గోడకు తెల్లసున్నము వెలుగునిస్తుంది. అదే సున్నము స్లాబు పైన కూడ దట్టముగా వేస్తే ఎండను వెనుకకు కొట్టి గది వేడి తగ్గిస్తుంది. కిటికీ పైన సజ్జా తప్పనిసరి.

2. ఒక కిటికీ సరిపోదు. గాలి వచ్చేందుకు ఒకటి, పోయేందుకు ఎదురుగా మరొకటి ఉండాలి. వంటింటికి ఇది మరీ ముఖ్యము.

3. వంట గట్టు ఎత్తును మేస్త్రి అలవాటుకు వదలవద్దు. వండే ఆమెను నిలబెట్టి, మోచేతికి సుమారు నాలుగు అంగుళములు దిగువగా గుర్తు పెట్టించండి. గట్టుకు టెక్కలి గ్రానైటు ముక్కలైనా చాలును.

4. మన తీరములో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, చెక్కపొట్టు అట్టల సామాను తడికి ఉబ్బుతుంది. పనస, వేప కలపతో మన వడ్రంగి చేసిన బల్ల మనుమల వరకు నిలుస్తుంది.

5. రోగి మంచము, కూర్చొంటే పాదములు నేలకు ఆనే ఎత్తులో ఉండాలి. మరుగుదొడ్డికి పోయే దారిలో గడప అడ్డము ఉండరాదు, స్విచ్చి చేతికి అందాలి. డయాలసిస్ చేయించుకొనేవారికి అంటువ్యాధుల భయము ఎక్కువ గనుక వారి గది తేలికగా తుడిచేటట్లు, సామాను తక్కువగా ఉండాలి.

6. సంవత్సరములో ఒక్కసారైనా వాడని వస్తువును తీసివేయండి. ఖాళీ చోటు కూడ ఇంటికి అందమే.

ఆ ఇంటికి మొన్న క్రిస్మసుకు మరల వెళ్లాము. తూర్పు కిటికీ ప్రక్కన మామగారి మంచము, దాని ప్రక్కన తుఫానులో పడిన పనస చెట్టు కలపతో చేసిన చిన్న బల్ల. దాని మీద మందులు, కొలిచి పెట్టిన మంచినీళ్ల సీసా. గోడలు తెల్లగా ఉన్నవి. కిటికీలో ఒక డబ్బాలో తులసి మొక్క. సోఫా కొనలేదు, అప్పు తీయలేదు. టీవీ మాత్రము వచ్చింది. కోడలిని ఎందుకమ్మా అని అడిగితే, “మామయ్యే అడిగారండి, వార్తలు చూడాలని” అని నవ్వింది. వచ్చిన చుట్టాలు ఆయన మంచము మీదనే కూర్చొంటున్నారట. ఆ గదిలో ఇప్పుడు ఆయనతో మాట్లాడకుండ ఎవరూ వెళ్లరు. పిల్లలు ఆ కిటికీ వెలుగులోనే చదువుకొంటున్నారు.

“బొమ్మలోలాగ అయ్యిందా అమ్మా, ఇల్లు?” అని అడిగాము.

“అవ్వలేదు అయ్యగారూ. కాని నిమ్మళంగా ఉంది.”

ప్రియులారా, రేపు ఉదయము లేవగానే మీ గుమ్మములో ఒక నిమిషము నిలువండి. మొదటి వెలుగు ఇంటిలో ఎక్కడ పడుతున్నదో, అక్కడ ఎవరున్నారో చూడండి. బీరువా ఉంటే ప్రక్కకు జరపండి. దానికి డబ్బు అక్కరలేదు, పట్టుటకు ఇద్దరు మనుష్యులు చాలును. మేము ఆరు సంవత్సరములు ఆలస్యము చేశాము. మీరు చేయవద్దు.

వచ్చే నెల మరల కలుసుకొందము.