రెండు పేర్ల బతుకు: కపటం ఎవరిది?

మన సాహిత్య సభల్లోను, అధ్యాపకుల గదుల్లోను ఒక మాట తరచు వినబడుతున్నది. "కాలేజీ రిజిస్టరులో సుబ్బారావు, ఆదివారం చర్చిలో సైమను. సర్టిఫికెట్టుకు హిందువు, పెళ్ళికి క్రైస్తవుడు. ఇంత కపటం మీద నిలబడింది విశ్వాసమా?" అని. మతోన్మాదులు ఈ మాట అంటే ఆశ్చర్యపడనక్కరలేదు. వాళ్ళ లెక్క వేరు. కాని మార్క్సును చదివినవాళ్ళు, క్లాసులో జాషువాను పాఠం చెప్పేవాళ్ళు కూడా ఇదే మాటను కాస్త నాగరికంగా అంటున్నారు. వాళ్ళకు జవాబు చెప్పక తప్పదు.

నేను మండపేటలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. పుట్టుక చేత మాలపేటవాణ్ణి, నమ్మకం చేత క్రైస్తవుణ్ణి. 'నమ్మకం' అన్నచోట కొందరు మిత్రులు నవ్వుతారని తెలుసు. నవ్వనివ్వండి. నా సర్టిఫికెట్టు మీద బి.సి.-సి అని ఉంటుంది, నా పేరు రెండు చోట్లా ఒకటే. కనుక ఈ వాదంలో నేను దాచుకోవలసినదేమీ లేదు.

ముందుగా ఈ రెండు పేర్లు ఎక్కడ పుట్టాయో చూడాలి. 1950 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందూమతం కాక వేరే మతం అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకూ ముస్లిములకూ తెరవలేదు. మన రాష్ట్రంలో దళిత క్రైస్తవుడి పాలికి వచ్చింది నూటికి ఒక్క వంతు రిజర్వేషను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల్లో చేర్చమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. తీర్మానాలకు మన దేశంలో కొదవ లేదు.

పాస్టరుగా ఉన్న ఒక వ్యక్తి తనను కులం పేరుతో దూషించారని, కొట్టారని పెట్టిన కేసును 2025లో మన హైకోర్టు కొట్టివేసింది. క్రైస్తవుడైనవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదన్నది కారణం. గమనించండి: తిట్టేవాడు "నీ మతమేమిటి?" అని అడిగి తిట్టడు. వాడికి కులం ఒక్కటే కనబడుతుంది. రక్షించవలసిన చట్టానికి మాత్రం మతం ఒక్కటే కనబడుతుంది. ఇక 1976 నాటి గుంటూరు మెడికల్ కాలేజీ కేసు ఇంతకంటె విచిత్రమైనది. తల్లిదండ్రులు క్రైస్తవం పుచ్చుకున్న ఒక మాదిగ కుటుంబపు విద్యార్థి హిందువుగా మారి సీటు అడిగాడు. అలా మారినవాడు తిరిగి కులస్థుడు కావచ్చు, అయితే ఆ కులంవాళ్ళు అతణ్ణి తమవాడిగా అంగీకరించాలి అన్నది సుప్రీంకోర్టు. పాపం తీసివేస్తానని దేవుడు చెప్పవచ్చుగాక, కులం తీసివేయడం, తిరిగి తగిలించడం ఎవరి చేతుల్లో ఉందో ఈ తీర్పు చదివితే తెలుస్తుంది.

ఇటువంటి ఏర్పాటు మధ్య పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రెండు పేర్లతో తిరుగుతుంటే అతణ్ణి కపటి అనడం తేలిక. ఆ రెండు పేర్లు అతని స్నేహాలను ఏం చేస్తున్నాయో మాత్రం ఎవరూ అడగరు. నా క్లాసులో అటువంటి పిల్లలను పదేళ్ళుగా చూస్తున్నాను. వాళ్ళు స్నేహితుల ఇళ్ళకు వెళతారు, స్నేహితులను తమ ఇంటికి రానివ్వరు. ఇంటికొస్తే గోడ మీద వాక్యం కాలెండరు కనబడుతుంది, అమ్మ "ఒరే సైమనూ" అని పిలుస్తుంది. తల్లి నోటి పిలుపును దాచుకోవలసిన గతి పట్టినవాడు ఎవరితో మనసు విప్పి మాట్లాడతాడు? అక్క పెళ్ళికి శుభలేఖలు రెండు రకాలుగా అచ్చువేయించిన ఇల్లు నాకు తెలుసు. చుట్టాలకు పంచే దాని మీద వాక్యం, ఆఫీసువాళ్ళకు పంచేదాని మీద వినాయకుడు. ప్రెస్సువాడు ఏమీ అడగలేదట. వాడికి అలవాటే.

మండపేటలో నేను అద్దె ఇంటికోసం తిరిగిన రోజుల్లో ఒక ఇంటాయన పేరు అడిగాడు, ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు. ఏదీ తేలలేదు గాబోలు, చివరికి "ఆదివారం పూట ఎక్కడికి వెళతారండీ?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. చెప్పాను. ఇల్లు వాళ్ళ బావమరిదికి ఇచ్చేశానని అప్పుడు గుర్తుకొచ్చింది ఆయనకు. అంటే విశ్వాసం కూడా డెల్టాలో కులాన్ని కనిపెట్టే సాధనమైందన్నమాట. వరిచేలు, కొబ్బరితోటలు, రైస్ మిల్లులు, కోళ్ళఫారాలు ఎవరి చేతుల్లో ఉన్నాయి? అద్దె ఇళ్ళు కూడా వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. కౌలు చేసేవాడు, కూలికి వెళ్ళేవాడు కాలువగట్టు అవతలి పేటలోనే ఉన్నాడు. ఈ సందర్భంలో ఒక చిన్న సంగతి. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ సంపదకంతటికీ మూలం. దాన్ని కట్టించిన కాటన్ నిష్ఠగల క్రైస్తవుడు. ఆయన విగ్రహానికి పూలదండలు వేస్తారు, తప్పులేదు. ఆయన మతాన్ని పరదేశపు మతమని ఎవరూ ఈసడించరు. నీళ్ళు తెచ్చిన క్రైస్తవుడు దొర, ఆ నీళ్ళలో నాట్లు వేసే క్రైస్తవుడు 'కన్వర్టెడు'!

ఇక మన మిత్రుల సంగతి. మతం మత్తుమందు అన్న ఒక్క ముక్క వాళ్ళకు కంఠతా వచ్చు. 1844లో వెలువడిన ఆ వ్యాసంలో దాని ముందువెనుకల ఏముందో చదివినవాళ్ళు తక్కువ. సహాధ్యాపకుడి ఇంట సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి ప్రసాదం పుచ్చుకుంటే అది సంస్కృతి, స్నేహధర్మం. నేను క్రిస్మసుకు పిలిస్తే మాత్రం "మేము నాస్తికులం, ఏమీ అనుకోకండి" అంటారు. నాస్తికత్వం ఒక్క డిసెంబరు నెలలోనే ఇంత చురుకుగా ఎందుకుంటుందో నాకు బోధపడదు. వాళ్ళ పెళ్ళిళ్ళు ఎవరి ఇళ్ళల్లో జరిగాయో, వాళ్ళ పిల్లలకు సంబంధాలు ఎక్కడ చూస్తున్నారో నేను వేరే చెప్పనక్కరలేదు. కులాన్ని ఇంట్లో దాచుకుని పేరును బజారులో నిలబెట్టినవాడు నిజాయితీపరుడు, పేరును దాచుకుని విశ్వాసాన్ని ఇంట్లో నిలబెట్టుకున్నవాడు కపటి! ఇది ఏ దృక్పథమో వాళ్ళే చెప్పాలి.

అయితే ఇంతమాత్రాన మా సంఘాలను వెనకేసుకు రాదలచుకోలేదు. నా అసలు తగాదా వాళ్ళతోనే. 1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురంలో మిషను పెట్టారు. రాజమండ్రి ప్రాంతంలో లూథరనులు, 1874 నుంచి కాకినాడ కేంద్రంగా కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు. బడులు, ఆస్పత్రులు వచ్చాయి. మా తాతలకు అక్షరం ముక్క వచ్చిందంటే, ఆడవాళ్ళు పుస్తకం పట్టుకుని పాడారంటే ఆ మిషన్ల వల్లనే. ఈ మేలును కాదనడం కృతఘ్నత. కాని ఆనాటి నుంచి ఈనాటి వరకు మాలపేటలో ఒక చర్చి, మాదిగపేటలో ఒక చర్చి. మధ్యలో నూరు గజాల దూరం. రెండింటిలోను ఒకే బైబిలు, ఒకే కీర్తనల పుస్తకం. పండుగకు ఒకరి పాస్టరు ఇంకొకరి చర్చిలో ప్రసంగం చేస్తాడు, ఒకే రొట్టె విరుస్తారు, ఒకే పాత్రలోది తాగుతారు. సోమవారం నాడు పెళ్ళి సంబంధం మాట వస్తే "మనవాళ్ళేనా?" అన్నది మొదటి ప్రశ్న. క్రీస్తులో భేదం లేదని ప్రసంగించిన పెద్దలే ఈ ప్రశ్న వేయడం నేను స్వయంగా విన్నాను. "అది లోక వ్యవహారం, బాబూ" అన్నారు అడిగితే. పెళ్ళి లోక వ్యవహారమైతే, పొరుగువాణ్ణి ప్రేమించడం లోక వ్యవహారమైతే, ఇక విశ్వాసం చేయవలసిన పని ఎక్కడ మిగిలింది? పాటలోనా? మైకులోనా?

ఈ సంగతిని సాహిత్యం మనకంటె ముందే గ్రహించింది. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. అందులో శివయ్య సైమను అవుతాడు. పేరు మారినా, మతం మారినా కులం వెంట రావడం, చర్చిలో కూడా అది కాచుకుని కూర్చోవడం ఆ నవల చూపింది. జాషువా సంగతి మరీ ముఖ్యమైనది. 1941లో వచ్చిన 'గబ్బిలం'లో అంటరానివాడు తన గోడును కాశీలోని శివుడికి గబ్బిలం చేత చెప్పి పంపుతాడు. క్రైస్తవుడు శివుడికి ఎందుకు మొరపెట్టుకోవాలి, ఇదీ రెండు పేర్ల వ్యవహారమే కదా అని ఒక అధ్యాపక మిత్రుడు ఒక సభలో చమత్కరించాడు. ఆ కావ్యాన్ని అంతకంటె అన్యాయంగా చదవడం సాధ్యం కాదు. గుడిలోకి మనిషికి దారి లేదు, గబ్బిలానికి ఉంది. కావ్యమంతా ఆ అవమానం మీద నిలబడింది. మతం ప్రశ్న అక్కడ అడగవలసింది తలుపు మూసినవాణ్ణి. ఆ జాషువాయే 'క్రీస్తు చరిత్ర' రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఇటు క్రైస్తవులూ అటు పండితులూ ఆయన్ను తమవాడు కాదన్నవాళ్ళే.

కవిత్వం కంటె నాకు పెద్దదిగా తోచేది 1960లో ఆయన ఇంట జరిగిన ఒక పెళ్ళి. ఆయన కూతురు హేమలత గోరా కుమారుడు లవణంను పెళ్ళాడింది. గోరా ఎవరు? దేవుణ్ణి గురించి ఒక వ్యాసం రాసినందుకు 1933లో మన కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న నాస్తికుడు, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి జంధ్యం తెంపినవాడు. క్రైస్తవ కవి ఇల్లు, నాస్తికుడి ఇల్లు వియ్యమందుకున్నాయి. కావ్యం అచ్చులో ఉంటుంది, ఎవరైనా మెచ్చుకోవచ్చు. బిడ్డను కులం దాటించి పంపడం ఇంటిమీదికి తెచ్చుకునే పని. మన సభల్లో గబ్బిలం పద్యాలు రాగయుక్తంగా చదువుతాం, ఈ పెళ్ళిని మాత్రం జీవిత విశేషాల్లో చివరి పంక్తిగా వదిలేస్తాం.

ఆ తరువాత కాలం ఎటు నడిచింది? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్ళి చేసుకున్న దళిత క్రైస్తవ యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకడికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. చంపించినవాడి కోపం క్రీస్తు మీద కాదు.

చట్టాలు కూడా ప్రేమించినవాళ్ళను వల వేసి పట్టేటట్టుగానే ఉన్నాయి. 1996లో ఒక రోమన్ కాథలిక్కు యువకుడు, ఒక హిందూ యువతి గుడిలో తాళి కట్టుకుని హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకున్నారు. ఆమె తరువాత విశాఖపట్నం కోర్టుకెక్కింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పెళ్ళి అసలు చెల్లనే చెల్లదని తేల్చింది. ఇద్దరూ హిందువులైతేనే ఆ చట్టం. సర్టిఫికెట్టుకు భయపడి గుడిలో తాళి కట్టే మన డెల్టా కుర్రాళ్ళు ఎంతమందికి ఈ తీర్పు తెలుసు? చర్చిలో 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద చేసుకోవచ్చు, ఒకరు క్రైస్తవులైతే చాలు. కాని ఆ కాగితం చేతిలో ఉన్నవాడు షెడ్యూల్డు కులస్థుణ్ణని చెప్పుకోలేడు. మతం మారకుండా, మార్చకుండా పెళ్ళాడాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఒక దారి. దానికి ముప్ఫయి రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరూ చూసేటట్టు అంటించాలి. ముప్ఫయి రోజులంటే పిల్ల అన్నదమ్ములు ఊరంతా వెదకడానికి చాలినంత వ్యవధి.

రెండేళ్ళ క్రితం నా పాత విద్యార్థి ఒకడు ఆ పని చేశాడు. అతనిది మాలపేట చర్చి, అమ్మాయిది మాదిగపేట చర్చి. ఇద్దరూ క్రైస్తవులే, రెండు చర్చిలూ పెళ్ళి చేయమన్నాయి. అందుకని సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. నోటీసు ఉన్న నెల రోజులూ అమ్మాయి మా ఇంట్లో ఉంది. నా భార్యను అక్కా అని పిలిచేది, తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకునేది. చట్టం ప్రకారం ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. నేనొకణ్ణి. రెండోవాడు కుర్రాడు కలిసిపని చేసిన రైస్ మిల్లు గుమస్తా. మూడో సంతకం కోసం మా సంఘ పెద్దను అడిగాను, ఆయన ఊళ్ళో ఉండనన్నాడు. కులనిర్మూలన మీద ఆవేశంగా ఉపన్యసించే ఒక సాహిత్య మిత్రుణ్ణి అడిగాను. చర్చిలోనే ఒప్పించలేకపోయారా, ఈ గొడవ మనకెందుకన్నాడు. చివరకు వాళ్ళను ఆఫీసుకు తీసుకొచ్చిన ఆటో డ్రైవరు, ద్వారపూడివాడు, పెన్ను అడిగి పుచ్చుకుని సంతకం చేశాడు.